పట్టీ ఎక్కిస్తే వెనక బ్రేకు తగ్గుతుంది

సంపాదకులు గారికి,

నమస్కారం. సాలూరు ఘాట్‌లోనో అనంతగిరి మలుపుల్లోనో పికప్ వ్యాను బోల్తా పడితే పేపర్లో ఒకే మాట వస్తుంది: బ్రేకులు ఫెయిలయ్యి అదుపు తప్పింది. ఎంతమందికి దెబ్బలు తగిలాయో, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారో అన్నీ ఉంటాయి. బ్రేకులు ఎందుకు ఫెయిలయ్యాయన్నది ఉండదు. కారణాలు చాలా ఉండొచ్చు. మా బండి విషయంలో తేలిన ఒక కారణం గురించి రాస్తున్నాను: ఎక్కువ లోడు కోసం వెనక స్ప్రింగు కట్టలో ఎక్కించే అదనపు పట్టీలు. మా వైపు తిరిగే పికప్‌లలో చాలావాటికి ఇదే రోగం ఉందని నా అనుమానం. ఉత్తరం పొడుగైతే కత్తిరించండి గానీ వెనక బ్రేకు వాల్వు సంగతి మాత్రం వదలొద్దు.

మాది గజపతినగరం దగ్గర పల్లె. మా ఆయనకు సొంత పికప్ ఉంది. రామభద్రపురం మార్కెట్ నుంచి కూరగాయలు, ఎండాకాలం మామిడి, అప్పుడప్పుడు సిమెంటు, ఇనుము వేసుకుని సుంకి మీదుగా కొరాపుట్ వైపు వెళ్తారు. తిరుగు కిరాయి దొరికితే అల్లమో క్యాబేజీయో వేసుకుని దిగుతారు. నేను బండి నడపను, బండి లెక్కలు రాస్తాను. విజయనగరం మహారాజా కాలేజీలో ఫిజిక్సుతో బీయస్సీ చదివిన దాన్ని. ఆ చదువు ఉద్యోగానికి పనికిరాలేదు గానీ ఇదిగో ఇలాంటి చోట పనికొస్తోంది.

డీజిలు, టోలు, టైర్లు, గ్రీజు, చలానా, ఏదైనా తేదీ వేసి పుస్తకంలో ఎక్కిస్తాను. ఇన్సూరెన్సు రసీదు కోసం ఆ పుస్తకం వెనక్కి తిప్పుతుంటే ముందు బ్రేకు ప్యాడ్ల ఖర్చు మాటిమాటికీ కనిపించింది. అంతకు ముందు ఏడాది అంత తరచుగా లేదు. వెనక షూలకు, అంటే వెనక డ్రమ్ముల్లో ఒరుసుకుని చక్రాన్ని ఆపే ముక్కలకు, మాత్రం పైసా ఖర్చు లేదు. ఈ తేడా ఎక్కడ మొదలైందా అని చూస్తే, దానికి కాస్త పైనే నా చేతి రాతలోనే ఉంది: "వెనక కట్టకు అదనపు పట్టీలు, కూలితో సహా".

ఈ పట్టీల సంగతి బండ్లవాళ్లకు చెప్పక్కర్లేదు. లోడు వేస్తే వెనక భాగం కూర్చోకుండా కమాన్ కట్టలో, అంటే ఇరుసు మీద బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులో, అదనంగా పట్టీలు ఎక్కిస్తారు. మా వైపు కొత్త బండి పూజ అయిన వారానికే ఈ పని చేయించేవాళ్లున్నారు. షోరూం నుంచి వచ్చినది వచ్చినట్టు నడిపితే చేతకానివాడన్నట్టు చూస్తారు.

మేం మామూలుగా చూపించే మేస్త్రిని అడిగితే, "ముందు బ్రేకుకే జోరెక్కువ ఒదినమ్మా, ఏ బండికైనా అంతే" అన్నాడు. అందులో అబద్ధం లేదు. బ్రేకు తొక్కగానే బరువు ముందు చక్రాల మీదికి వాలుతుంది, అందుకే ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు పెడతారు. కానీ ఆ సూత్రం ముందటేడాది కూడా ఉంది కదా. అప్పుడు అరగని ప్యాడ్లు ఇప్పుడెందుకు అరుగుతున్నాయి? దానికి అతని దగ్గర జవాబు లేదు. ఈసారి మంచి కంపెనీ ప్యాడ్లు వేద్దామన్నాడు.

జవాబు సాలూరులో దొరికింది. సాలూరు ఇప్పుడు మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ, బండి పని అంటే మాకు ఇప్పటికీ సాలూరే. లారీ బాడీలు కట్టే షెడ్ల నడుమ ఒక పెద్దవయసు మేస్త్రి ఉన్నాడు. ముందు చక్రాలు విప్పించి డిస్కులు చూశాడు. రెండూ నీలిరంగు తిరిగి ఉన్నాయి. విపరీతంగా వేడెక్కిన ఇనుముకు పట్టే రంగది. తరవాత గోనె పరుచుకుని వెనక ఇరుసు కిందికి దూరాడు. కాసేపటికి కింద నుంచే అడిగాడు: "పట్టీ ఎక్కించినోడు ఈ కడ్డీ ముట్టాడేటి బావూ?"

మా ఆయనకు ఆ కడ్డీ ఏమిటో తెలియదు. నేనూ ఫోను లైటు వేసుకుని వంగి చూశాను. బండి చట్రానికి, అదే ఛాసిస్‌కు, బిగించిన అరచేతిలో పట్టేంత వాల్వు. దాని నుంచి ఒక సన్నటి కడ్డీ, దానికో స్ప్రింగు, ఆ కొస ఇరుసుకు తగిలించి ఉంది. అంతా మట్టి పట్టి గట్టిపడి ఉంది. మేస్త్రి స్క్రూడ్రైవరుతో మట్టి గీకి కడ్డీని వేలితో ఎత్తితే కదిలింది, వదిలితే మళ్లీ కిందికి వచ్చింది. వాల్వు బాగానే ఉందన్నాడు. చెడిపోయింది వాల్వు కాదట, దానికి అందే కబురట.

కంపెనీ వాళ్లు దాన్ని ఎల్‌ఎస్‌పీవీ అంటారు, మేస్త్రీలు లోడు వాల్వు అంటారు. అది చేసేది ఒకే ఒక్క పని. బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాల మీద బరువుండదు. అప్పుడు వెనక బ్రేకు గట్టిగా పడితే చక్రాలు బిగుసుకుపోయి బండి తోక తిప్పుతుంది. అందుకని ఖాళీలో వెనక్కి వెళ్లే బ్రేకు ఆయిల్ ప్రెషర్‌ను ఈ వాల్వు తగ్గించి పంపుతుంది. లోడు వేస్తే కమాన్ కట్ట అణిగి ఛాసిస్ ఇరుసు వైపు దిగుతుంది. కడ్డీ పైకి లేస్తుంది, వాల్వు తెరుచుకుని వెనక బ్రేకుకు పూర్తి ప్రెషర్ వెళ్తుంది. బండి మీద ఎంత బరువుందో దానికి వేరే ఎవరూ చెప్పరు. కట్ట ఎంత అణిగిందన్నదే దానికి గుర్తు.

అదనపు పట్టీలు ఎక్కిస్తే కట్ట అణగదు. అణగకూడదనే కదా ఎక్కించేది. టన్నున్నర సిమెంటు వేసినా బండి ఖాళీగానే ఉందనుకుని వాల్వు వెనక బ్రేకును తగ్గించే పంపుతుంది. లోడు బండిని ఘాట్‌లో ఆపే భారమంతా ముందున్న రెండు డిస్కుల మీద పడుతుంది. మా పుస్తకంలో ప్యాడ్ల ఖర్చుకు కారణం అదే. డ్రమ్ములు విప్పి చూస్తే వెనక షూల లైనింగు అద్దంలా మెరుస్తూ దాదాపు కొత్తగానే ఉంది.

దీనికి కొన్ని షెడ్లలో చేసే వైద్యం ఇంకా భయంకరం. కడ్డీని పైకి లాగి ఛాసిస్‌కు తీగతో కట్టేస్తారు. ఇక వాల్వు ఎప్పుడూ ఫుల్లు లోడే అనుకుంటుంది. లోడుతో బాగానే ఆగుతుంది, డ్రైవరు సంతోషిస్తాడు. సరుకు దింపేసి ఖాళీ బండితో వానలో వస్తూ గేదె అడ్డొచ్చిందని బ్రేకు కొడితే వెనక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. అది కూడా పేపర్లో "అదుపు తప్పి" అనే పడుతుంది.

కొత్త మోడళ్లలో కొన్నిటికి ఈ కడ్డీ ఉండదు, ఆ పని చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ కంప్యూటరే చూసుకుంటుంది. మాలాంటి పాత బండ్ల అడుగున మాత్రం ఇది ఉంటుంది. ఎవరూ వంగి చూడరు.

ఇక బ్రేకుల అప్‌గ్రేడ్ సంగతి. మా మరిది ఫోనులో వీడియోలు చూసి, అమెరికా పికప్‌లకు వేసినట్టు పెద్ద డిస్కులు, చిల్లులున్న డిస్కులు, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్లు ఎర్ర రంగువి మన బండికీ వేయిద్దామని పట్టుబట్టాడు. వయసు కుర్రాడు, వాడి ఉత్సాహం వాడిది. డిస్కు పెద్దదైతే ఆపే బలం పెరిగే మాట నిజమే. చక్రం కేంద్రానికి ఎంత దూరంగా పట్టుకుంటే అంత తేలిగ్గా ఆగుతుంది, పైగా ఇనుము ఎక్కువ ఉంటే వేడిని ఎక్కువ ఓర్చుకుంటుంది. కానీ ఆ డిస్కు మన చక్రం రిమ్ములో పట్టాలి. క్యాలిపర్ పిస్టన్లు పెద్దవైతే వాటికి ఆయిల్ ఎక్కువ కావాలి. పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచితే పెడల్ అడుగుదాకా దిగిపోతుంది. ముందు మాత్రమే బలం పెంచి వెనక అలాగే వదిలేస్తే, ఇప్పుడున్న తేడాయే ఇంకా పెరుగుతుంది. అక్కడి కిట్లలో ఇవన్నీ ఆ బండికి తగ్గట్టు కలిపి లెక్కగట్టి అమ్ముతారు. ఒక్క ముక్క తెచ్చి ఇక్కడ అతికిస్తే అది అప్‌గ్రేడ్ అవదు.

చిల్లుల డిస్కు అందానికి బాగుంటుంది. పాతకాలపు ప్యాడ్లు కాగితే వాయువు పుట్టేది, అది పోవడానికి చిల్లులు పెట్టేవారు. ఇప్పటి ప్యాడ్లతో ఆ బాధ తక్కువ. లోడు బండి ఘాట్ దిగితే కాగి చల్లారి, కాగి చల్లారి ఆ చిల్లుల అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి. ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా ఉంది. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు వాళ్లకు అదో సాకు అవుతుంది.

మరి మా బండికి ఏం చేయించామంటే, చూసేవాళ్లకు చెప్పుకునేంత గొప్పగా ఏమీ లేదు. అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చింది బ్రేకు ఆయిల్. డబ్బాలో ఉన్నది డికాషన్ రంగుకు తిరిగి ఉంది. దాన్ని ఎప్పుడు మార్చారో నా పుస్తకంలో కూడా లేదు, పైన పోసిన ఖర్చే ఉంది. బ్రేకు ఆయిల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అదే నీరు 3.7 శాతం చేరితే 140 డిగ్రీలకే మరగొచ్చు. డాట్ 4కు ఆ లెక్కలు 230, 155. ఘాట్‌లో క్యాలిపర్ కాగి లోపలి ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ మెత్తగా అడుగుకు పోతుంది, చక్రం దగ్గరికి బలం చేరదు. రోడ్డు పక్కన ఆపి గంట సేపు చల్లారిస్తే బ్రేకు మళ్లీ మామూలుగా పడుతుంది. అందుకే ప్రమాదం తరవాత మర్నాడు బండిని తొక్కి చూసినవాళ్లు "బ్రేకు బాగానే ఉంది, డ్రైవరుదే తప్పు" అంటారు.

మేం బండి పుస్తకంలో ఏ రకం రాసుందో చూసుకుని, పాతదంతా తీయించి నాలుగు చక్రాల దగ్గరా గాలి తీయించి కొత్త డాట్ 4 పోయించాం. కొన్ని వందల రూపాయల పని. డాట్ 3, డాట్ 4 ఒకే జాతివి. డాట్ 5 అని ఇంకోటుంది, అది సిలికాన్ జాతి, వీటితో కలపకూడదు. అంకె పెద్దదైతే మంచిదనుకుని పోసేస్తారని చెబుతున్నాను. ఇంజినాయిలో స్టీరింగాయిలో చేతికందింది పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకు మొత్తానికే పోతుంది.

తరవాత ప్యాడ్లు. ప్యాడ్ల వెనకో అంచునో కొన్ని అక్షరాలు, అంకెలు కొట్టి ఉంటాయి. వాటిలో ఎఫ్‌ఎఫ్, జీజీ, ఈఈ లాంటి రెండక్షరాలు వెతకండి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగినప్పటి పట్టు. ‘ఈ’ అక్షరం కన్నా ఎఫ్, ఎఫ్ కన్నా జీ గట్టిగా పడతాయి. రెండో అక్షరం మొదటిదానికన్నా తక్కువైతే కాగేకొద్దీ పట్టు జారుతుందని అర్థం, ఘాట్ బండికి అది పనికిరాదు. ఈ అక్షరాలు అసలే లేని ప్యాడ్లు కూడా కౌంటరు మీద పెట్టి అమ్ముతున్నారు. ధర సగం. మేం కంపెనీ ప్యాడ్లే వేయించాం. మేస్త్రి వాటితో నేరుగా ఘాట్ ఎక్కనివ్వలేదు. ముందు రామభద్రపురం రోడ్డు మీద ఖాళీ బండితో యాభై స్పీడు నుంచి పూర్తిగా ఆపకుండా పదీ పదిహేనుకు తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ తిప్పించాడు. ప్యాడు డిస్కుకు సర్దుకోవాలట. ముందు డిస్కులు మార్చక తప్పలేదు, వాటి మీద కొట్టిన కనీస మందానికి దగ్గర పడ్డాయి. పగుళ్లు తేలిన రబ్బరు హోసులు మార్పించాం, వెనక షూలకు మెరుపు తీయించి గ్యాపు సరిచేయించాం.

పక్కమాట ఒకటి. ఆ డ్రమ్ముల్లోని దుమ్మును గాలిగొట్టంతో ఊదేస్తున్న కుర్రాడికి మొహానికి గుడ్డయినా లేదు. చౌక లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడిగుడ్డతో తుడిస్తే అయిపోయే పనికి గాలి ఎందుకు?

చివరికి పట్టీలు. వాల్వు కడ్డీని కొత్త ఎత్తుకు తగ్గట్టు సెట్ చేయొచ్చా అని అడిగాను. "సేయొచ్చు ఒదినమ్మా, గానీ అది ఒక్క లోడుకే సరిపోతాది. ఇంకో లోడేస్తే మళ్లీ తేడా. కంపెనీ కట్టే మేలు" అన్నాడు. ఆలోచిస్తే అదే నిజం. పట్టీ వేస్తే మారేది ఎత్తు ఒక్కటే కాదు, బరువుకు కట్ట అణిగే తీరే మారిపోతుంది. అదనపు పట్టీలు విప్పించేశాం.

విప్పిస్తే లోడు తగ్గింది, కిరాయి తగ్గింది. ఇక్కడే అసలు చిక్కు. బస్తాలు ఎన్ని ఎక్కుతాయన్న దాని మీదే షావుకారు కిరాయి మాట్లాడతాడు. ఆర్సీలో ఎంత రాసుందో ఆయన అడగడు. మేం వద్దంటే పట్టీలున్న పక్క బండిని పిలుస్తాడు. ఓవర్‌లోడుకు 2019 సవరణ ప్రకారం ఇరవై వేలు, ఆపైన ప్రతి టన్నుకూ రెండు వేలు జరిమానా. అది కట్టేది బండివాడే. ప్యాడ్లు, డిస్కులు, టైర్లు లెక్కేస్తే పట్టీలు లేకుండానే మాకు మిగులు ఎక్కువ ఉందని పుస్తకం చూపించి మా ఆయన్ని ఒప్పించాను. అందరి ఇళ్లలోనూ లెక్క ఇలాగే తేలుతుందని చెప్పలేను.

ఘాట్ దిగడంలో ఎంత వేడి పుడుతుందో నా పాత చదువుతో ఒకసారి కట్టి చూశాను. లోడుతో కలిపి మూడు టన్నుల బండి ఎనిమిది వందల మీటర్ల ఎత్తు నుంచి దిగిందనుకోండి. విడుదలయ్యే శక్తి సుమారు రెండు కోట్ల ముప్పై ఐదు లక్షల జౌళ్లు. డెబ్బై ఐదు లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా కాచొచ్చు. అరవై స్పీడులో ఉన్న అదే బండిని యాభైసార్లకు పైగా నిలబెట్టినంత పని. గాలి, టైర్లు కొంత తీసుకుంటాయి. మిగిలింది ఇంజినన్నా తీసుకోవాలి, బ్రేకన్నా తీసుకోవాలి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు అనేది ఇందుకే. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో దించితే ఆ వేడంతా బ్రేకుల నెత్తిన పడుతుంది. ఇంజిను కూడా ఆపేస్తే రెండు మూడుసార్లు తొక్కేసరికి, కాలి బలానికి తోడయ్యే బూస్టరులో వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా బిగుస్తుంది.

ఇక అధికారులకు నా మనవి. సరుకు బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తరవాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. బండిని అక్కడికి ఖాళీగా తీసుకెళ్తాం. ఖాళీ బండికి వెనక బ్రేకు తక్కువ పడటం సహజం కాబట్టి పట్టీల తేడా పరీక్షలో బయటపడదు. ఇన్‌స్పెక్టరు గారు ఒక్కసారి వంగి మూడు చూస్తే చాలు: ఆ కడ్డీ ఉందా, కదులుతోందా, తీగ కట్టారా. కట్టలో పట్టీలెన్నో లెక్కపెడితే ఇంకా మంచిది. రోలర్ల మీద పరీక్షించే కేంద్రాల్లో ఆ కడ్డీని లోడు స్థానానికి ఎత్తి పట్టి వెనక బ్రేకు బలం మరోసారి కొలవొచ్చు. బ్రేకు ఆయిల్లో చెమ్మ చెప్పే పెన్ను లాంటి పరికరం చవగ్గానే దొరుకుతుంది, ప్రతి ఆఫీసుకూ ఒకటి కొనివ్వండి.

పట్టీల షాపుల వాళ్లకు కూడా ఒక మాట. పట్టీ ఎక్కించే ముందు, దీనివల్ల వెనక బ్రేకు తగ్గుతుందని గిరాకీకి చెప్పండి. చెప్పాక కూడా కావాలంటే అది వాళ్ల ఇష్టం. మా ఆయనకు ఎవరూ చెప్పలేదు. సుంకి నుంచి దిగేటప్పుడు పది నిమిషాలు నిలిపి డిస్కులు చల్లార్చుకోవడానికి చదునైన జాగా, ముందుగా కనిపించేలా బోర్డు ఉంటే బాగుంటుంది. ఇప్పుడు ఆపితే మలుపులోనే ఆపాలి, వెనక వచ్చే లారీ హారన్ కొడుతుంది.

ఈ ఉత్తరం వేస్తే నా పేరు వేయకండి. పట్టీలు ఎక్కించిన షాపు వాళ్లు మాకు దగ్గరి చుట్టాలు, వచ్చే నెల వాళ్లింట్లో పెళ్లి ఉంది.

ఇట్లు,
ఒక పికప్ యజమాని భార్య,
గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా.